తయారు చేసేటప్పుడే విప్పే దారి చూసుకోండి

ఇది ఏదో ఒక వస్తువు తయారు చేసి అమ్మేవాళ్ల కోసం. రాయదుర్గంలో జీన్స్ కుట్టించేవాళ్లు, తాడిపత్రి, బేతంచెర్ల వైపు బండలు కోయించేవాళ్లు, ఇంట్లో చిక్కీలు, పచ్చళ్లు చేసి ప్యాకెట్లు కట్టేవాళ్లు, వడ్రంగి షెడ్డో వెల్డింగ్ షాపో నడిపేవాళ్లు, ఎవరైనా సరే. చెత్త గురించి మాట ఎత్తితే అందరూ పారేసే దగ్గరే మొదలుపెడతారు, తడి చెత్త ఈ డబ్బాలో, పొడి చెత్త ఆ డబ్బాలో అని. కానీ ఒక వస్తువు మళ్లీ పనికొస్తుందా లేక కుప్పకే పోతుందా అన్నది డబ్బా దగ్గర తేలదు. మీరు గుడ్డ కత్తిరించినప్పుడు, జిగురు డబ్బా మూత తీసినప్పుడు, వెల్డింగ్ రాడ్ పట్టుకున్నప్పుడే చాలావరకు తేలిపోతుంది. రెండు పదార్థాలను విడదీయలేనంతగా కలిపేశారంటే, ఆ తరవాత ఏ మున్సిపాలిటీ వచ్చినా చేయగలిగేది పెద్దగా ఉండదు.

ముందు పాత మిద్దెను చూడండి

కడప, కర్నూలు, అనంతపురం పల్లెల్లో పాత మిద్దెలు అక్కడక్కడా ఇంకా ఉన్నాయి. రాతి గోడలు, వాటి మీద దూలాలు, దూలాల మీద దంతెలు (అడ్డంగా వేసే సన్న దూలాలు), ఆ పైన బండలో కట్టెలో పరిచి, అన్నిటి మీదా చౌడు మట్టి. అలాంటి ఇల్లు కూల్చేటప్పుడు వీలైతే పక్కన నిలబడి చూడండి, డిజైన్ క్లాసు అక్కడే అయిపోతుంది. ముందు మట్టి తోడేస్తారు, తరవాత బండలు ఒక్కొక్కటే దించుతారు, ఆపైన దంతెలు, దూలాలు, చివర్లో ద్వారబంధాలు, తలుపులు. దూలం కోత మిల్లుకో ఇంకో ఇంటికో పోతుంది, బండలు దొడ్లో పరుచుకుంటారు, గోడ రాళ్లు కొత్త పునాదిలోకి వెళ్తాయి. అదే పక్క వీధిలో స్లాబు ఇల్లు కూలిస్తే కడ్డీలు మాత్రం సుత్తులతో కొట్టి లాగి కేజీల లెక్కన అమ్ముకుంటారు, మిగతాదంతా ట్రాక్టర్ ఎక్కి చెరువు కట్ట పక్కకు చేరుతుంది.

తేడా ఎక్కడుందంటే, మిద్దెలో ఏ ముక్కా ఇంకో ముక్కకు శాశ్వతంగా అతుక్కోలేదు. బరువు మీద నిలబడ్డాయి, గాడిలో కూర్చున్నాయి, మేకుతోనో చెక్క గూటంతోనో ఆగాయి. వానొస్తే కారేది, ఏటా చౌడు పోసుకోవాల్సి వచ్చేది, కాబట్టి అందరూ మళ్లీ మిద్దెలు కట్టుకోండి అని నేనేమీ అనట్లేదు. ఆ కూర్పు పద్ధతిని మాత్రం తీసుకోండి అంటున్నాను.

ఇటుక గోడదీ ఇదే కథ. సున్నంతోనో బంకమట్టితోనో కట్టిన గోడలో ఇటుకను తాపీ పెట్టి గీకితే శుభ్రంగా చేతికొస్తుంది, గట్టి సిమెంటు మాలుతో కట్టిన గోడను పగలగొడితే మాలు కంటే ముందు ఇటుకే విరుగుతుంది. అందుకని మాలు ఇటుక కంటే కాస్త బలహీనంగానే ఉండాలి. మామూలు కాంపౌండు గోడకు సిమెంటు ఒకటికి ఇసుక మూడు పాళ్ల మాలు కలిపి గొప్పగా చెప్పుకునేవాళ్లుంటారు, అక్కడ ఒకటికి ఆరు చాలు, కొంచెం సున్నం కలిపితే ఇంకా మంచిది. ఇంటి బరువు మోసే గోడలైతే ఇంజనీరును అడిగే నిర్ణయించండి.

మన బండల సంగతికొస్తే, అంగడి ముందు, దొడ్లో, నడిచే దారిలో పరిచేటప్పుడు అడుగున సిమెంటు పోయొద్దు. నేలను దిమ్మిసతో గట్టిగా కొట్టి, రెండంగుళాల ఇసుకో క్వారీ డస్టో పరిచి, దాని మీద బండ పెట్టి రబ్బరు సుత్తితో తట్టి, సందుల్లోకి అదే డస్టు ఊడవండి. అంచులు జరగకుండా చుట్టూ నిలువు బండలు పాతితే సరిపోతుంది. కింద పైపు పగిలినా బండ ఎత్తి, బాగు చేసి, మళ్లీ అదే బండ పెట్టేయొచ్చు. ఇల్లు మారితే బండలు కూడా ట్రాక్టర్‌లో మీతో వస్తాయి. పలచటి బండ మాత్రం ఇలా వేయకండి, బండి ఎక్కితే పగులుతుంది. వంటింట్లో, బాత్‌రూంలో నీళ్లు ఇంకుతాయి కాబట్టి సిమెంటు తప్పదు.

మట్టికా, అంగడికా?

ఏ పదార్థానికైనా చివర్లో రెండే మంచి దారులున్నాయి. ఒకటి మట్టిలోకి పోయి ఎరువు కావడం, లేదా పశువు కడుపులోకి పోవడం. రెండోది మళ్లీ వర్క్‌షాపుకో ఫ్యాక్టరీకో చేరి ఇంకో వస్తువు కావడం. ఈ రెండూ ఒకదాన్నొకటి ముట్టుకోకూడదు. కాగితం కప్పు చూడండి, పేరుకు కాగితమే, లోపల మాత్రం పలచటి పాలిథిన్ పొర ఉంటుంది, కాబట్టి దిబ్బలో వేస్తే పూర్తిగా కుళ్లదు, మామూలు కాగితం మిల్లు తీసుకోదు. మోదుగాకులు పుల్లలతో కుట్టిన విస్తరి కొన్నాళ్లకే దిబ్బలో కలిసే రకం, దానికే మెషీన్ మీద ప్లాస్టిక్ ఫిల్మ్ అతికించి ప్లేటు చేస్తే రెండు దారులూ మూసుకుపోయినట్టే. విస్తరాకుల మెషీన్ పెట్టాలనుకునేవాళ్లు ఫిల్మ్ లేకుండా రెండాకులు ఒకదాని మీద ఒకటి పెట్టి వేడి మీద నొక్కే అచ్చు తీసుకోండి. పులుసు కారుతుందేమో అనిపిస్తే ప్లేటు లోతు తగ్గించి చూడండి, ఫిల్మ్ జోలికి మాత్రం పోవద్దు.

చెనక్కాయ పంటలో వృథా అంటూ దాదాపు ఏమీ ఉండదు. పొట్టు బట్టీలకు, బాయిలర్లకు పోతుంది, గానుగాడిస్తే నూనె మనకు, చెక్క గొడ్లకు, చేలో మిగిలిన కట్టె కూడా మేతే. ఇంత చక్కగా తిరిగే పంటను బెల్లం పాకంలో వేసి చిక్కీ చేసి, పది రూపాయల మెరిసే ప్యాకెట్లో పెడతాం, అక్కడితో దారి తెగిపోతుంది. ఆ ప్యాకెట్ ఒక ప్లాస్టిక్ కాదు. బయట ఒక రకం ఫిల్మ్, మధ్యలో అల్యూమినియం పూత, లోపల అతుక్కోవడానికి పాలిథిన్, వాటి మధ్య జిగురు, పైన ఇంకు. వీటిని విడదీసి లాభం చూసుకునే దారి మామూలు స్క్రాప్ వ్యాపారంలో లేదు, మహా అయితే సిమెంటు బట్టీలో బొగ్గుకు బదులు కాలుతుంది.

మరి చిక్కీ దేంట్లో పెట్టాలి? ఎక్కడ అమ్ముతారో ముందు తేల్చుకోండి. ఊళ్లోనే, వారం పది రోజుల్లో అమ్ముడుపోయే సరుకైతే బటర్ పేపర్, అంగట్లో గాలి దూరని డబ్బా చాలు, డబ్బా మీరే ఇచ్చి ఖాళీ అయ్యాక మీరే తెచ్చుకోండి. నెల దాకా నిలవాలంటే లోపలా బయటా ఒకే పాలీప్రొపిలీన్ కుటుంబానికి చెందిన ఫిల్మ్ అడగండి, మెరుపు పూత లేకుండా. ప్యాకింగ్ సామాన్లమ్మేవాళ్లు మొదట అలాంటిది లేదంటారు, ఇంకో అంగట్లో అడగండి. చెనక్కాయలో నూనెకు గాలి, వెలుతురు తగిలితే కమటు వాసన వస్తుంది కాబట్టి ఆ ప్యాకెట్లను అట్టపెట్టెలో, నీడలో ఉంచాలి. ఆరు నెలలు నిలవాల్సిన సరుకు దూరం పంపిస్తున్నారా, అయితే ఆ మెరిసే ప్యాకెట్టే వాడండి, నేనేమీ అనను, తిండి పాడైపోతే అంతకంటే పెద్ద నష్టం. కాకపోతే పది రూపాయల ప్యాకెట్లు పాతిక కాకుండా ఒకటే పెద్దది చేయండి.

‘కంపోస్టబుల్’ అని రాసిన ప్లాస్టిక్ సంచుల గురించి ఒక్క మాట. ఆ సర్టిఫికెట్ పరీక్షలో పదార్థాన్ని 58 డిగ్రీల వేడిలో కుళ్లబెడతారు. మన ఇంటి వెనక దిబ్బలో ఆ వేడి అన్ని రోజులపాటు నిలబడదు. అది వెళ్లి మామూలు పాలిథిన్‌లో కలిస్తే ఆ లోడు కూడా చెడుతుంది. గుడ్డ సంచి కుట్టించుకోవడం తేలిక.

గుజిరీ అంగడికి వెళ్లి అడగండి

డిజైన్ కాగితం మీద పెట్టకముందే, మీరు వాడబోయే పదార్థాల ముక్కలన్నీ ఒక సంచిలో వేసుకుని ఊళ్లో పాత సామాన్లు కొనే గుజిరీ అంగడికి వెళ్లండి. ఇది కొంటారా, కొంటే ఏ కుప్పలో వేస్తారు, ఆ కుప్పలో వేయకముందు దీని మీద ఏం పీకేస్తారు, ఇవి అడిగితే చాలు. మూడో ప్రశ్నకొచ్చే జవాబే అసలైనది. కుర్చీ చూపిస్తే కాళ్ల కింద రబ్బరు బుడిపెలు పీకాలంటారు, సీసా చూపిస్తే లేబుల్ పీకాలంటారు, డబ్బా చూపిస్తే మూతలో రేకు తీయాలంటారు. వాళ్లు పీకేసేవన్నీ మీ డిజైన్‌లో తప్పులే అనుకుని రాసుకోండి. పీకడం కుదరనివాటిని అన్నిటికంటే తక్కువ రేటు కుప్పలోకి విసిరేస్తారు, దాంట్లో మంచి సరుకు ఉన్నా సరే.

ప్లాస్టిక్ వస్తువుల మీద త్రికోణంలో 1 నుంచి 7 దాకా ఒక అంకె ఉంటుంది. 1 పెట్ (నీళ్ల సీసాల ప్లాస్టిక్), 2 గట్టి పాలిథిన్, 3 పీవీసీ, 4 మెత్తటి పాలిథిన్, 5 పాలీప్రొపిలీన్, 6 పాలీస్టైరిన్, 7 అంటే మిగతావన్నీ. మీరు అచ్చు పోయిస్తుంటే ఆ అంకె అచ్చులోనే వేయించండి, పైసా ఖర్చుండదు. అంకె లేని ముక్క చేతికొస్తే గ్లాసు నీళ్లలో వేయండి. 2, 4, 5 తేలతాయి. 1, 3, 6 మునుగుతాయి. సుద్ద పొడి ఎక్కువగా కలిపిన చవక ప్లాస్టిక్ అయితే తేలాల్సింది కూడా మునుగుతుంది, అది గుర్తుంచుకోండి.

ఈ తేలడం మునగడం ఆట కాదు, పెట్ సీసాలు పొడి కొట్టాక మూతల ముక్కల్ని వేరు చేసేది ఇలాగే, మూత తేలుతుంది, సీసా మునుగుతుంది. అందుకే సీసాకు, మూతకు వేరువేరు ప్లాస్టిక్ అయినా ఫరవాలేదు. ఇబ్బంది ఎక్కడంటే పీవీసీ తొడుగు లేబుల్‌తో, అది కూడా పెట్‌తో పాటే మునుగుతుంది, పెట్ కరిగించే వేడికి మాడి యాసిడ్ ఆవిరి వదిలి మొత్తాన్ని పసుపు రంగులోకి మార్చేస్తుంది. నీళ్లు గానీ, జ్యూసు గానీ, నూనె గానీ సీసాల్లో పెట్టి అమ్మేవాళ్లు తేలే రకం లేబుల్ అడగండి, సీసాకు రంగు వేయించొద్దు. రంగు లేని పెట్‌కే గిరాకీ.

అతుకుల దగ్గరే అంతా ఉంది

జిగురు కంటే కుట్టు మేలు, కుట్టు కంటే స్క్రూ మేలు, స్క్రూ కంటే నట్టు బోల్టు మేలు, వీటన్నిటికంటే గాడిలో కూర్చునే చెక్క ఇంకా మేలు. నవారు మంచం దగ్గర కూర్చుని ఒకసారి చూడండి. నవారు పిగిలితే నవారే మారుస్తాం, కోడు విరిగితే కోడే మారుస్తాం. ఆ మంచాన్ని కొత్త సోఫా పక్కన పెట్టండి, స్పాంజి చెక్కకు జిగురుతో అతుక్కుని ఉంటుంది, దాని మీద గుడ్డ గన్‌తో వందల పిన్నులు కొట్టి ఉంటుంది, ఒక్క మూల చిరిగినా మొత్తం విప్పాల్సిందే, విప్పితే స్పాంజి చిరుగుతుంది. సీటు గుడ్డను కింద నాడా లాగి కట్టేలా కుట్టిస్తే ఉతుక్కోవడానికీ పనికొస్తుంది.

వస్తువు మొత్తంలో ఒకటే సైజు స్క్రూ, ఒకటే రకం తల వాడండి. నాలుగు రకాల స్క్రూడ్రైవర్లు కావాలంటే ఎవరూ విప్పరు, సుత్తి తీస్తారు. స్క్రూ తల బయటికి కనబడాలి, స్టిక్కర్ కింద దాచి అందం అనుకోవద్దు. పార్టికల్ బోర్డులో స్క్రూ ఒకటి రెండుసార్లు పట్టుకుంటుంది, తరవాత పొడి రాలుతుంది, కాబట్టి విప్పి మళ్లీ బిగించాల్సిన చోట ప్లైవుడ్ వేసి ఇటు నుంచి అటు బోల్టు దించండి. గేటు కీలును వెల్డింగ్ చేయకుండా బోల్టుతో బిగిస్తే అరిగిన కీలు ఒక్కటే మార్చుకోవచ్చు. మా వైపు బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఇనుప బోల్టులు తుప్పు పట్టి కరుచుకుపోతాయి, స్టెయిన్‌లెస్ కొనలేకపోతే బిగించేటప్పుడే గ్రీజు రాయండి.

రిపేరు సంగతిలో మన బోరు మోటార్లను మించిన పాఠం లేదు. ఏ మండల కేంద్రంలో చూసినా మోటార్ వైండింగ్ షాపు ఉంటుంది. వైండింగ్ కాలిపోతే కాలిన రాగి తీగ స్క్రాప్‌కు, కొత్త తీగ లోపలికి, అరిగిన బుష్షులు మార్చి అదే బాడీ మళ్లీ బోరులోకి. బాడీ బోల్టుల మీద విడిపోతుంది, సైజులు బోరు వెడల్పును బట్టి నాలుగంగుళాలు, ఆరంగుళాలు అని స్థిరపడిపోయాయి, అందుకే ఊళ్లో మెకానిక్ కంపెనీని అడక్కుండా పని చేయగలుగుతున్నాడు. మీ వస్తువులో ముందు అరిగేది ఏదో మీకే తెలుసు. దాని సైజు బజార్లో దొరికేదే పెట్టండి, విప్పడానికి నాలుగు బోల్టులకు మించి లేకుండా చూడండి.

రాయదుర్గం జీన్స్ లాంటి పనికి

బట్టల పనిలో మొదటి ప్రశ్న నూలు. సాగే జీన్స్ అంటే కాటన్‌లో కొంచెం ఎలాస్టేన్ అనే సాగే పోగు కలిసిన గుడ్డ. పాత గుడ్డను చింపి మళ్లీ దూది చేసే మెషీన్‌లో ఆ సాగే పోగులు చుట్టుకుని, అంటుకుని పని చెడగొడతాయి. వస్తువులు మళ్లీ మళ్లీ వాడుకలోకి రావాలని పని చేసే బ్రిటన్ సంస్థ ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ 2019లో జీన్స్ తయారీకి కొన్ని కొలతలు పెట్టింది, గుడ్డ బరువులో కనీసం 98 శాతం కాటన్ లాంటి సెల్యులోజ్ నూలు ఉండాలని, కనీసం 30 ఇంటి ఉతుకులు తట్టుకోవాలని, రివెట్లు (జేబు మూలల్లో కొట్టే లోహపు బుడిపెలు) తీసేయాలని లేదా బాగా తగ్గించాలని. మన యూనిట్లు ఎక్కువగా బయట బ్రాండ్ల ఆర్డర్ల మీదే నడుస్తాయి కాబట్టి గుడ్డ ఎంపిక మీ చేతిలో ఉండకపోవచ్చు. మీ సొంత సరుకు వరకైనా ఇది పాటించొచ్చు.

రివెట్ స్థానంలో జేబు మూలకు బార్‌టాక్ కుట్టు, అంటే ఒకే చోట దగ్గరదగ్గరగా వేసే గట్టి కుట్టు, వేయండి, అంతే బలంగా ఉంటుంది, చింపే ముందు లోహం కోసం వెతుక్కునే పని ఉండదు. గుండీ కుట్టకుండా రేకు గుండీ పెట్టాల్సి వస్తే మరతో తిప్పితే ఊడొచ్చే రకం దొరుకుతుంది. దారం విషయంలో పట్టుదల వద్దు. కాటన్ దారం అయితే మంచిదే, కానీ అదే మందంలో పాలిస్టర్ అంత బలం ఉండదు, తొడ కుట్టు పిగిలిపోయే ప్యాంటు ఎంత స్వచ్ఛమైనదైనా ఎవరికి కావాలి? నడుము దగ్గర, కాళ్ల కింద అంచులో రెండంగుళాల గుడ్డ లోపల వదలండి. జాకెట్లు కుట్టేవాళ్లు పక్క కుట్టులో గుడ్డ వదులుతారు కదా, లావైతే విప్పుకోవడానికి, అదే పని ప్యాంటుకూ చేస్తే ఆ బట్ట ఇంకో మూడేళ్లు అన్న నుంచి తమ్ముడికి తిరుగుతుంది.

కటింగ్ టేబుల్ దగ్గర రాలే ముక్కల్ని అన్నీ కలిపి ఒకే మూటలో తొక్కొద్దు. నూరు శాతం కాటన్ వేరు, సాగే గుడ్డ వేరు, అందులో నీలం వేరు, నలుపు వేరు, నాలుగు సంచులు టేబుల్ కాళ్లకే కట్టేయండి. పాత గుడ్డతో నూలు తీసే హర్యానాలోని పానిపట్ లాంటి చోట్లకు వెళ్లే సరుకు రంగు విడదీసి ఉంటే మళ్లీ అద్దకం వేయాల్సిన అవసరం తగ్గుతుంది, రేటు మాట్లాడుకోవడానికి మీకు బలం వస్తుంది.

తిరిగి రావాలంటే డబ్బు కట్టించుకోవాలి

వస్తువు ఎంత బాగా విప్పుకునేలా చేసినా, తిరిగి రాకపోతే ప్రయోజనం లేదు. ఇంట్లో గ్యాస్ సిలిండర్ చూడండి. డిపాజిట్ కట్టించుకుంటారు, ఖాళీది ఇస్తేనే నిండుది ఇస్తారు, సైజు, వాల్వు ఒక్క తీరుగా ఉంటాయి, మీరిచ్చిందే మీకు తిరిగి రావాలన్న నియమం లేదు. పై రింగును పట్టుకున్న ఇనుప పట్టీ లోపల ఏ, బీ, సీ, డీల్లో ఒక అక్షరం, పక్కన అంకె ఉంటుంది, ఏ అంటే జనవరి నుంచి మార్చి, బీ అంటే ఏప్రిల్ నుంచి జూన్, అలా. ఏ-27 అని ఉంటే 2027 మార్చి లోపు మళ్లీ పరీక్ష చేయాలని అర్థం. వస్తువు చరిత్ర వస్తువు మీదే రాసి ఉంది, యాప్ అక్కర్లేదు.

పచ్చళ్ల సీసాలతో ఇదే చేయాలంటే అన్ని సైజులకూ ఒకే మూతి ఉన్న గాజు సీసాలు కొనండి, మూత ఒకటే రకం సరిపోతుంది. మూత మాత్రం ప్రతిసారీ కొత్తదే వేయండి, లోపలి రబ్బరు పొర వాసన పట్టి సరిగ్గా బిగియదు. లేబుల్‌కు మైదా జిగురు వాడితే నీళ్లలో నానేస్తే ఊడొస్తుంది, లేదా సీసా మెడకు దారంతో చీటీ కట్టండి, నూనె మరకల గొడవ కూడా పోతుంది. సీసా మీకు 25 రూపాయలు పడితే డిపాజిట్ 30 పెట్టండి, తిరిగి రాకపోయినా మీకు నష్టం లేదు. వంద పెడితే కొనేవాళ్లే పారిపోతారు. తిరిగొచ్చిన సీసాలను దాచిపెట్టే అంగడివాళ్లకు సీసాకు రెండు రూపాయలివ్వండి, వాళ్ల చోటు మీరు వాడుకుంటున్నారు. ఈ పద్ధతి ఊళ్లో, చుట్టుపక్కల మండలాల్లో నడుస్తుంది. బెంగళూరు, హైదరాబాదు పంపే సరుకుకు ఖాళీ గాజు వెనక్కి తేవడం డీజిల్ దండగ.

అమ్మే ముందు ఒక పరీక్ష

మొదటి నమూనా తయారయ్యాక దాన్ని ఇంతకుముందు చూడనివాళ్ల చేతికివ్వండి, మెకానిక్ అయినా, టైలర్ అయినా, ఆ గుజిరీ అంగడివాళ్లయినా. ఒక స్క్రూడ్రైవర్, ఒక కటింగ్ ప్లేయర్, ఒక కత్తెర, అంతకు మించి ఇవ్వొద్దు. ‘దీన్ని విప్పి ఏ రకానికి ఆ రకం కుప్ప పెట్టన్నా’ అని చెప్పి మీరు నోరు మెదపకుండా పక్కన కూర్చోండి. అన్నిటికంటే కష్టం ఇదే, మనం చేసిన వస్తువు గురించి మాట్లాడకుండా ఉండలేం. ఎక్కడ ఆగాడో, ఎక్కడ విసుక్కున్నాడో, ఏది విరిగిందో ఫోన్‌లో వీడియో తీయండి. చివర్లో కుప్పల్ని తూకం వేయండి, ఎవరూ కొనని కుప్ప ఎన్ని గ్రాములుందో రాయండి. దాంట్లో ఎక్కువ బరువున్న ముక్కేదో చూసి రెండో నమూనాలో ముందు దాన్ని మార్చండి, మిగతా వాటి జోలికి అప్పుడే పోవద్దు. కొనేవాళ్లకు ఇదంతా పర్యావరణం పేరు చెప్పి అమ్మకండి, ఎవరూ రూపాయి ఎక్కువివ్వరు. పాడైతే ఏ భాగం ఎంతకు దొరుకుతుందో, పాతది తెస్తే ఎంత తగ్గిస్తారో బిల్లు వెనక రాసివ్వండి.